మెట్ల కింది గదికి ఒక విశేషణం

చిత్తూరు,
8 జనవరి 1979

తిరుపతి నమ్మాళ్వారు శెట్టి యాత్రికుల సత్రం మేనేజరు శ్రీ పరంధామయ్య గారికి,

చిత్తూరు అభ్యుదయ పాఠక సంఘం కార్యదర్శి దేవరాజులు కోపంతోనే నమస్కరించి వ్రాయునది. మీ క్షేమం అడగను. జీతం తీసుకునే ధర్మాత్ములు ఎప్పుడూ క్షేమంగానే ఉంటారు. అడగవలసింది మునెమ్మ క్షేమం.

ముప్పయ్యేళ్ళుగా మీ సత్రంలో నీళ్ళు తోడి, గదులు ఊడ్చి, జ్వరపడిన యాత్రికులకు గంజి కాచి పోసిన మునెమ్మను మార్చి నెలాఖరుకల్లా మెట్ల కింది గది ఖాళీ చెయ్యమన్నారట. ఆ గదిలో యాత్రికుల సామాను దాచే బీరువాలు పెడతారట. బీరువాలకు నీడ కావాలి సరే, అరవై రెండేళ్ళ మనిషికి అక్కర్లేదా? ముందూ వెనకా ఎవరూ లేని మనిషి ఎక్కడికి పోవాలి? నెల కిందట ఇదే మాట అడిగితే మీ ట్రస్టీలు ఐదుగురూ ఏకగ్రీవంగా ఇచ్చిన జవాబు నా దగ్గర భద్రంగా ఉంది: "సదరు పేరుగల ఉద్యోగి మా రికార్డులలో లేదు." కళ్ళెదుట చీపురు పట్టుకుని తిరిగే మనిషి లేదట! మీ రికార్డుల్లో ఆ కొండమీది స్వామి ఉన్నాడా? లేకపోతే ఆయన పటానికి హాల్లో అంత చోటు ఎట్లా ఇచ్చారు?

సరే, గది ఇవ్వరు. రాయైనా పెట్టండి. మీ సత్రం గోడల నిండా పాలరాతి పలకలే గదా. ఫ్యాను ఇచ్చినవాడికి ఒక రాయి, ఆ ఫ్యానుకు రంగు వేయించినవాడికి ఇంకొక రాయి. వాటి మధ్య మునెమ్మ పేరుతో ఒకటి పెట్టండి. ఖర్చు మా సంఘానిది. ఆమెను వీధిలోకి తోసేటప్పుడు తోసేవాళ్ళ మొహానికి ఎదురుగా ఆ రాయి ఉండాలి.

జవాబు వస్తుందన్న ఆశ లేని,
దేవరాజులు

తా.క.: జవాబు రాయకపోతే పత్రికలకు ఎక్కుతాను. రాసినా ఎక్కుతాను, కాకపోతే కొంచెం ఆలస్యంగా.

—

తిరుపతి,
17 జనవరి 1979
నెం. 3/రాళ్ళు/79

శ్రీ దేవరాజులు గారి సముఖానికి,

సత్రం మేనేజరు పరంధామయ్య విన్నవించుకునేది. తమరి లేఖ చేరింది. అందులో కోపం తీసివేయగా రాయి గురించి రెండు వాక్యాలు మిగిలినవి. వాటికి జవాబు.

రాయికి నిబంధనలు ఉన్నవి. 1912లో సత్రం కట్టించిన నమ్మాళ్వారు శెట్టి గారు తమ దస్తావేజులో, రాతి మీద అక్షరాలు ఇంగ్లీషులోనే ఉండవలెనని రాసినారు. పేరుకు ముందు ఒక ఇంగ్లీషు విశేషణం వేసుకోవచ్చు. అది ట్రస్టీలు ఒప్పుకోవలెను. ఇంతవరకు వాడిన విశేషణాలు తమరి సౌకర్యం కోసం తెలుపుతున్నాను. గది కట్టించినవారు "మ్యునిఫిసెంట్", అనగా మహాదాత. వరండా వేయించినవారు "ఎస్టీమ్‌డ్". బావికి గిలక ఇచ్చినవారు "వర్దీ", అనగా యోగ్యులు. బావిలో పడిన గిలకను తీయించిన ఒక పెద్దమనిషి కూడా "వర్దీ"యే.

కావున మునెమ్మకు తగిన విశేషణం ఏదో తెలుపగలరు. నా మనవి ఒకటే: చిన్నది కోరవద్దు. చిన్నది కోరితే ట్రస్టీలకు చర్చించడానికి ఏమీ ఉండదు.

తమ విధేయుడు,
పరంధామయ్య

తా.క.: "మెట్ల కింది గది" అని తమరు ఏదో సందులాగా రాసినారు. రికార్డుల ప్రకారం అది గదే, నెంబరు 14. అందులో మనిషి మాత్రమే లేదు.

—

చిత్తూరు,
25 జనవరి 1979

విశేషణాల మేనేజరు గారికి,

నమస్కారం పెట్టే ఓపిక లేని దేవరాజులు రాసేది.

ఎగతాళి చేస్తున్నారా? చిన్నది కోరవద్దా? ముప్పయ్యేళ్ళ చాకిరీకి ముష్టి వేస్తూ, కాస్త పెద్ద గిన్నె తెచ్చుకోమని సలహా కూడానా?

తెల్లవాడు వెళ్ళి ముప్పయ్యేళ్ళు దాటింది. మునెమ్మ కూడా సరిగ్గా అప్పటినుంచే మీ సత్రం ఊడుస్తోంది. ఆమె ఊడ్చిన చెత్తంతా పోయింది గానీ వాడు వదిలిపోయిన ఈ చెత్త మాత్రం మీ దస్తావేజులోంచి పోలేదు. తెలుగు మనిషి పేరు, తెలుగు ఊళ్ళో, తెలుగువాళ్ళు చదవడానికి ఇంగ్లీషులో చెక్కాలి! చదవలేనివాడికే భక్తి ఎక్కువ పుడుతుందని కాబోలు.

అయినా ఆమె కోసం దిగుతున్నాను. రాసుకోండి: "ది సెలబ్రేటెడ్ మునెమ్మ".

మీ వ్యవస్థాపకుడి రాతి మీద ఉన్నది ఆ మాటేనని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. గూడూరు నుంచి నిమ్మకాయల వ్యాపారులు ఏడాదికి రెండుసార్లు వస్తారు. రైలు దిగి రిక్షావాడితో ఏమంటారో ఎప్పుడైనా విన్నారా? "మునెమ్మ సత్రానికి పోనీ" అంటారు. నమ్మాళ్వారు శెట్టి సత్రం అంటే రిక్షావాడు "అది యాడుండాది సామీ?" అని ఎదురు అడుగుతాడు. ఎవరికి చెల్లుతుంది ఆ విశేషణం? బతికుండగా పదిమంది తలిచే మనిషికా, చచ్చి పలక మీద దుమ్ము తినే మనిషికా?

మీ దస్తావేజుకు తలవంచని,
దేవరాజులు

తా.క.: "తమ విధేయుడు" అని నాకు రాయకండి. మీరు ఎవరికి విధేయులో జిల్లాకంతా తెలుసు.

—

తిరుపతి,
6 ఫిబ్రవరి 1979
నెం. 5/రాళ్ళు/79

దేవరాజులు గారికి పరంధామయ్య (విధేయుడు అన్న మాట కొట్టివేయడమైనది) రాసేది.

తమరి ఉత్తరం నిన్నటి సమావేశంలో చదివి వినిపించినాను. చచ్చి దుమ్ము తినే మనిషి అన్న చోట ఆగి మంచినీళ్ళు తాగి మళ్ళీ చదివినాను. ట్రస్టు అధ్యక్షులు, రిటైరైన తహసీల్దారు జయరామ్ గారు వ్యవస్థాపకుల మనుమడు అయినందున కుర్చీలోంచి లేచినారు.

"ఏమప్పా పరంధామయ్యా, మా తాత రాతి మీద ఉండే మాటను ఊడ్సేదానికి ఇయ్యాల్నా? సెలబ్రేటెడ్ అంటే ఏమనుకున్నాడు ఆయప్ప? అగరుబత్తీ పేరనుకున్నాడా?" అన్నారు.

గంటన్నర ఇదే నడిచింది. బీరువాల కొటేషన్లు చూడవలసి ఉండె. చూడలేదు. చివరకు తీర్మానం ఏమనగా: ఆ విశేషణం అర్థం, పుట్టుపూర్వోత్తరాలు, అది మునెమ్మకు ఎట్లా వర్తించునో దరఖాస్తుదారు మూడు ప్రతులలో దాఖలు చేయవలెను.

ఇట్లు,
పరంధామయ్య

తా.క.: రాయి ఏ గోడకు పెట్టవలెనో తమరు ఎక్కడా రాయలేదు. అది చాలా ముఖ్యం. దయచేసి తెలుపగలరు.

—

చిత్తూరు,
14 ఫిబ్రవరి 1979

అర్థాలు అడిగే ట్రస్టుకూ, ఆ ప్రశ్నలు మోసే మేనేజరుకూ,

దేవరాజులు మూడు ప్రతులలో మండిపడుతూ రాసేది.

కాలేజీ లైబ్రరీలో గొలుసు వేసి కట్టేసిన పెద్ద నిఘంటువు ఒకటి ఉంది. దాని ముందు కుర్చీ లేదు. రెండు మధ్యాహ్నాలు నిలబడి చదివాను. విద్యార్థులు నన్ను చూసి ఎవరో శిక్ష పడ్డ మేష్టారనుకున్నారు.

వినండి. ఆ మాటకు మూలం లాటిన్‌లో "సెలెబెర్". రోము వాళ్ళు దాన్ని మొట్టమొదట గొప్పవాళ్ళకు వాడలేదు. చోట్లకు వాడారు. జనం ఎడతెగకుండా నడిచే దారి, పండుగనాడు ఇసుక వేస్తే రాలని ప్రాంగణం: అవీ సెలెబెర్ అంటే. జనం గుంపులుగా ఒక చోటికి పోయి మెచ్చుకోవడం ఆ మాట వెనక ఉన్న పని. ఏ మనిషి పేరు పదిమంది నోట పదేపదే వినబడుతుందో ఆ మనిషికి అది తర్వాత అంటుకుంది. అర్థమైందా? ఆ విశేషణాన్ని ఇచ్చేది మీ ట్రస్టీలు కాదు. జనం కాళ్ళు. ఎటువైపు నడిచాయో చూసి చెప్పడమే మన పని.

మునెమ్మకు ఎట్లా వర్తించునా? నాకు వర్తించిన సంగతే రాస్తాను. 1954లో ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి మీ సత్రం వరండాలో టైఫాయిడ్‌తో పడిపోయాను. "ఎస్టీమ్‌డ్" వరండా! గది ఇమ్మంటే అప్పటి మేనేజరు జబ్బు మనిషికి గది లేదన్నాడు. మునెమ్మ తన గదిలోకి లాక్కుపోయి పడుకోబెట్టి, తాను మెట్ల మీద పడుకుంది. పదకొండు రోజులు గంజి పోసింది. నా కులం అడగలేదు. పేరు కూడా మూడో రోజు అడిగింది. ఆ గదిలోంచి బతికి బయటపడిన నాలాంటివాళ్ళు ఎంతమందో మీ రికార్డుల్లో ఉండదు. వాళ్ళూ లేనివాళ్ళే గదా.

ఆ గదిలో ఇప్పుడు బీరువాలు!

మూడో ప్రతి రాస్తున్న,
దేవరాజులు

తా.క.: ఏ గోడకని అడిగారు. నా నెత్తిన పెట్టండి!

—

తిరుపతి,
1 మార్చి 1979
నెం. 9/రాళ్ళు/79

దేవరాజులు గారికి పరంధామయ్య నిదానంగా రాసేది.

మూడు ప్రతులూ అందినవి. రెండో ప్రతిలో "మండిపడుతూ" అన్నచోట సిరా అలికినందున ట్రస్టీలు మొదటిదే చదివినారు. ఈసారి మూడు గంటలు. బీరువాల విషయం ఎజెండాలో చివర ఉండడం వల్ల మళ్ళీ వాయిదా పడింది.

జయరామ్ గారి ఆక్షేపణ: "జనం వచ్చేదంతా సెలబ్రేటెడ్ అయితే తడ చెక్‌పోస్టు గూడా సెలబ్రేటెడే. రోజుకు వెయ్యి లారీలు నిలస్తాయి ఆడ. దానికీ రాయి పెడదామా?" అన్నారు. మరొక ట్రస్టీ, లారీలు మెచ్చుకోవడానికి నిలబడవు గదా అన్నారు. దాని మీద అరగంట పోయింది.

అధ్యక్షులు రాజీ మాటగా "ఒబీడియెంట్ మునెమ్మ" అనవచ్చునన్నారు. ఆ విశేషణం 1912 నుంచి ఖాళీగానే ఉన్నది. ఇంతవరకు ఎవరూ కోరలేదు. "ఫెయిత్‌ఫుల్" కూడా ఉన్నది గానీ దాన్ని వ్యవస్థాపకుల గుర్రానికి వాడినారు.

తమరి అభిప్రాయం తెలుపగలరు. రాయి గోడ సంగతి నాకే వదిలినట్టు భావిస్తున్నాను. నెత్తి అనే గోడ మా ప్లానులో లేదు.

ఇట్లు,
పరంధామయ్య

తా.క.: టైఫాయిడ్ సంగతి మునెమ్మకు చెప్పినాను. "ఆ పిలగాడా! బాగా గ్యాపకం ఉండాడు సామీ. జొరంలో గూడా మీటింగు పెట్టినట్టు అరస్తాండె" అన్నది.

—

చిత్తూరు,
5 మార్చి 1979

పరంధామయ్యా,

గుర్రానికి పక్కనా? ఆమెనా?

చాలు. రాయి వద్దు, విశేషణం వద్దు, మీ దయ వద్దు. మా దరఖాస్తును పూర్తిగా ఉపసంహరించుకుంటున్నాం. మార్చి ముప్పై ఒకటిన నలభైమందితో వచ్చి మీ మెట్ల మీద కూర్చుంటాను. పోలీసులను పిలుచుకోండి.

మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. పంతొమ్మిదేళ్ళుగా ఆమె తోడిన నీళ్ళే తాగుతున్నారు గదా. ఒక్క సమావేశంలోనైనా నోరు తెరిచి "ఇది అన్యాయం" అన్నారా? ఉత్తరాలకు నెంబర్లు వేయడం తప్ప మీ కలానికి ఇంకే పనీ చేతకాదా?

దేవరాజులు

తా.క.: లేదు. మీ మీద తాజా కలం కూడా దండగ.

—

(పోస్టు కార్డు)
తిరుపతి,
9 మార్చి 1979

అయ్యా,

తమరి 5వ తేదీ ఉపసంహరణ ఉత్తరం నాకు అందలేదు. అందలేదని తెలపడానికే ఈ కార్డు.

20వ తేదీన సమావేశం. అంతకుముందు తమరు సెలబ్రేటెడ్ తప్ప మరే విశేషణానికీ ఒప్పుకోమని, ఇదివరకటికంటే గట్టిగా, వీలైతే జయరామ్ గారి ఇంగ్లీషును కూడా తగులుకుంటూ ఒక ఉత్తరం రాయవలెను. తమరికి కష్టం కాదని తలుస్తాను.

పరంధామయ్య

తా.క.: అందని ఉత్తరంలో తమరు అడిగిన ప్రశ్న న్యాయమైనది.

—

చిత్తూరు,
14 మార్చి 1979

మేనేజరు గారికీ, ఆయన చదివి వినిపించబోయే ఐదుగురికీ,

మీ కార్డు నాలుగుసార్లు చదివాను. అందని ఉత్తరంలోని ప్రశ్న న్యాయమైనదా? మీకు మతి చలించిందో, నన్ను తిట్టించుకోవడం అలవాటయిందో తెలియదు. నా ఉపసంహరణ అందలేదంటే దాన్ని తొక్కిపెట్టారన్నమాట. తొక్కిపెట్టినందుకే ఉపసంహరణను ఉపసంహరించుకుంటున్నాను!

జయరామ్ గారూ, మీ ఇంగ్లీషు గురించి మాట్లాడుకుందాం. జనం నిలవడానికీ జనాన్ని నిలబెట్టడానికీ తేడా తెలియకుండా తహసీల్దారు పని ఎట్లా చేశారు? చెక్‌పోస్టు దగ్గర లారీలు నిలుస్తాయి. గేటు ఎత్తితే ఒక్కటి మిగలదు. మునెమ్మ దగ్గర ఏ గేటూ లేదు. అయినా జనం వస్తారు. మీ తాతగారి రాతి దగ్గర నేను గంట నిలబడి చూశాను. ఒక్కడు ఆగాడు. వాడూ చెప్పు తెగి ఆగాడు.

కాబట్టి మా దరఖాస్తు మారింది. మునెమ్మకు సెలబ్రేటెడ్ అన్న మాట ఇవ్వాలి. అంతేకాదు, మీ తాతగారి రాతి మీదినుంచి దాన్ని చెక్కించి తీసేయాలి! అంతవరకు వారానికొక ఉత్తరం, ప్రతిదీ మూడు ప్రతులలో, ఒక ప్రతి పత్రికలకు. నాకు నలభై ఆరేళ్ళు. మా నాయన ఎనభై తొమ్మిదేళ్ళు బతికాడు. లెక్క వేసుకోండి.

వెనక్కి తగ్గని,
దేవరాజులు

తా.క.: ఆ గుర్రం పేరు కూడా తెలుపగలరు. దాని తరఫున కూడా రాయదలిచాను.

—

తిరుపతి,
28 మార్చి 1979

దేవరాజులప్పకు,

ఈ ఉత్తరానికి నెంబరు వేయలేదు. ఇది నా సొంత ఖర్చులోది. కోపం లేని తీరికలో చదవవలెనని పరంధామయ్య కోరిక.

తమరి విశేషణం ఓడిపోయింది. ఇరవయ్యో తేదీన ఐదుగురూ ఏకగ్రీవంగా దాన్ని తోసిపుచ్చినారు. తీర్మానం యథాతథంగా: "సెలబ్రేటెడ్ అను విశేషణము వ్యవస్థాపకులకు తప్ప అన్యులకు చెల్లదు. ఈ విషయమై చిత్తూరు నుండి మరి ఉత్తరములు రాకుండుటకుగాను, ఏ విశేషణమూ లేక, పేరు మాత్రము గల రాయిని గది నెం. 14 గోడకు పెట్టుకొనుటకు అనుమతించడమైనది." గోడ నెంబరు నేను రాసినాను. ఎవరూ అడగలేదు. జయరామ్ గారు తాతగారి మాట దక్కిందన్న సంతోషంలో సంతకం కింద రెండు గీతలు గీసి అందరికీ కాఫీ తెప్పించినారు.

తమరు మొదటి రోజే ఉత్త రాయి అడిగి ఉంటే "ఊడ్సేదానికి రాయేందప్పా" అని రెండు నిమిషాల్లో తేల్చి, మూడో నిమిషంలో బీరువాలకు ఆర్డరు ఇచ్చి ఉందురు. తమరు మాట అడిగినారు. వాళ్ళు రెండు నెలలు మాటకే కాపలా కాసినారు. రాయికి ఎవరూ కాపలా లేరు.

ఇక తమరికి ఇన్నాళ్ళూ చెప్పనిది చెబుతాను. చెప్పి ఉంటే తమరు దాన్ని పత్రికలకు ఎక్కించి ఉందురు. దస్తావేజు నలభై ఒక్క పేజీలు. ముప్పై ఒకటో పేజీలో వ్యవస్థాపకులు, దాతలు ముందుకు రావలెనని ఒక ఆశ పెట్టినారు: ఏ గది గోడకు ఎవరి పేరుతో రాయి ఉండునో వారికి బ్రతికినంతకాలము ఆ గదిలో నివసించు హక్కు కలదు, వారిని ఖాళీ చేయించబూనినవారు ట్రస్టీగా ఉండుటకు అర్హులు కారు. రాళ్ళు పెట్టించుకున్నవారందరికీ మేడలు ఉన్నందున ఆ హక్కు ఇంతవరకు ఎవరికీ అవసరం రాలేదు. అందరూ మరచిపోయినారు. ఏటేటా నకలు రాసే నేను తప్ప.

రాయి చెక్కే ఫకృద్దీన్ మొన్న పొద్దున పదకొండుకల్లా సిమెంటు పూసి పలక బిగించినాడు. మధ్యాహ్నం జయరామ్ గారు వడ్రంగిని వెంటబెట్టుకుని బీరువాల కొలతలకు వచ్చినారు. ముప్పై ఒకటో పేజీ ఆయన చేతికి ఇచ్చినాను. నిలబడి చదివినారు. తర్వాత కూర్చుని చదివినారు.

"ఈ పేజీ నువ్వు ముందే సూసినావా?"

"పంతొమ్మిదేండ్లుగా నకలు రాసేది నేనే గదా సార్."

"మరి సెప్పలేదే!"

"తమరు విశేషణం గురించే అడిగినారు సార్."

ఆయన పేజీ మడిచినారు. "ఆ చిత్తూరు అయ్యవారు, నువ్వు కూడబలుక్కున్నారా?" అన్నారు. లేదు సార్, ఆయన నన్ను బానిస కింద జమకట్టి ఉన్నారు, ఉత్తరాలు చూసుకోండి అన్నాను. చూసినారు. నమ్మినారు. కార్డు సంగతి ఉన్న తమరి 14వ తేదీ మొదటి పేరాను ముందే వేరు చేసి దాచినాను. ఆ విధంగా తమరి తిట్లు కూడా పనికి వచ్చినవి.

తమరు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు. సమావేశంలో నాకు ఓటు లేదు. నోరు తెరిచి ఉంటే నెలలోపల కొత్త మేనేజరు వచ్చి ఉండును. ఆయన ముప్పై ఒకటో పేజీ దాకా చదివే మనిషి అవునో కాదో! అయినా పంతొమ్మిదేళ్ళు ఊరకే ఉన్నమాట నిజం. ఆ మాట తమరి దగ్గర కాదనలేను.

ముప్పై ఒకటో తేదీన నలభైమందితో వస్తామన్నారు. తప్పక రావలెను. మెట్ల మీద మాత్రం కూర్చోవద్దు. మునెమ్మ తడిగుడ్డ పెట్టి తుడుస్తుంది, జారుతుంది.

ఇకమీదట తిట్టినా తిట్టకపోయినా తమవాడైన,
పరంధామయ్య

తా.క.: పలక బిగించినాక మునెమ్మ చీపురు ఆనించి దాన్ని కిందికీ పైకీ చూసింది. "ఏంది సామీ ఇది?" అన్నది. నీ పేరే, ఇంగ్లీషులో, అన్నాను. "నా పేరు తెలీనోళ్ళు ఈడ ఎవురుండారని రాయి కొట్టించినారు?" అని విసుక్కుని, ఇంతలో గూడూరు బండి దిగిన గుంపు వాకిట్లోంచి ఆమెను కేకలేస్తుంటే, నన్ను పక్కకు జరగమని వాళ్ళకు ఎదురుపోయింది.